అడాలసెన్స్ మీద సెమినార్ పేపరు: "సింగిల్ టేక్" అన్న మాట దాటి ఏం రాయాలి?

ఎంఏ_రెండో_ఏడు అడిగింది:

టీవీ స్టడీస్ పేపరు కోసం ఒక స్ట్రీమింగ్ సిరీస్ ఎంచుకుని దాని నిర్మాణం, జానర్, ప్రభావాల మీద 3,000 పదాలు రాయాలి. నెట్‌ఫ్లిక్స్‌లో 2025 మార్చి 13న వచ్చిన బ్రిటిష్ సిరీస్ అడాలసెన్స్ తీసుకున్నాను. మూడు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, నాలుగు ఎపిసోడ్లూ నిజంగా సింగిల్ టేకేనా (మొదటి నుంచి చివరిదాకా కెమెరా ఆపకుండా తీసినవేనా), లేక మధ్యలో దాచిన కట్లు ఉన్నాయా? రెండు, అందరూ క్రైమ్ డ్రామా అంటున్నారు, కానీ హంతకుడెవరో మొదటి ఎపిసోడ్‌లోనే తేలిపోతుంది. మరి దీన్ని ఏ జానర్‌లో పెట్టాలి? మూడు, గైడ్ షాట్ బ్రేక్‌డౌన్ పట్టిక (ఒక్కో షాట్‌లో ఏముందో వరసగా రాసే పట్టిక) అడుగుతున్నారు. ఎపిసోడ్ మొత్తం ఒకే షాటైతే పట్టికలో ఏం నింపాలి?

(చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. కథ మొత్తం బయటికి వస్తుంది: 13 ఏళ్ల జేమీ, కేటీ అనే అమ్మాయిని కత్తితో పొడిచి చంపిన కేసు.)

ఫోకస్_పుల్లర్:

దాచిన కట్లు లేవు. 51 నుంచి 65 నిమిషాల నిడివి ఉన్న నాలుగు ఎపిసోడ్లు, నాలుగు షాట్లు. వాడిన టేకుల నంబర్లు కూడా బయటికి వచ్చాయి: మొదటి ఎపిసోడ్‌కి 2వ టేకు, రెండోదానికి 13, మూడోదానికి 11, నాలుగోదానికి 16. "ఎపిసోడ్‌కి 10 టేకులు" అని కూడా ఎక్కడో చదివి ఉంటారు, రెండింటికీ గొడవ లేదు. అయిదు రోజులు, రోజుకి రెండు చొప్పున 10 పూర్తి టేకులన్నది ప్లాను. మధ్యలో ఏదో తేడా వచ్చి ఆపేసిన టేకుకి కూడా నంబరు పడుతుంది కాబట్టి లెక్క 16 దాకా పోయింది.

మీ నిర్మాణం సెక్షన్‌కి వెన్నెముక షెడ్యూలే. ఒక్కో ఎపిసోడ్‌కి మూడు వారాలు. మొదటి వారం నటులతో రిహార్సల్, రెండో వారం కెమెరా, సౌండు, లైటింగ్ వాళ్లతో కలిపి టెక్నికల్ రిహార్సల్, మూడో వారం షూటింగ్. మామూలు సిరీస్‌లో ఎడిటింగ్ టేబుల్ మీద జరిగే పని ఇక్కడ రెండో వారంలోనే అయిపోవాలి. ఒక సీను సాగదీసినట్టుంటే తర్వాత కత్తిరించే వీల్లేదు, డైలాగే తగ్గించుకోవాలి, లేదా నడిచే దారినే కుదించాలి. సినిమా షూటింగ్ కన్నా సురభి వాళ్ల నాటకానికి దగ్గరి వ్యవహారం: తెర లేచాక ఎవరూ "కట్" అనరు.

కెమెరా డీజేఐ రోనిన్ 4డీ. దీని వివరం తప్పకుండా రాయండి, ఎందుకంటే ఇది లేకపోతే ఈ సిరీస్ ఈ రూపంలో కుదిరేది కాదు. కెమెరా, గింబల్ (కెమెరా కుదుపు తీసే పరికరం) రెండూ ఒకే బాడీలో ఉంటాయి, బరువు నాలుగున్నర కిలోల పైచిలుకు. మామూలు గింబల్ మూడు అక్షాల్లో కుదుపు తీస్తుంది. అడుగు వేసినప్పుడల్లా వచ్చే పైకీ కిందికీ ఊపు మాత్రం మిగిలిపోతుంది. రోనిన్‌కి దాన్ని మింగే నాలుగో అక్షం ఉంది. అందుకే పరుగెత్తినా చిత్రం తేలినట్టు ఉంటుంది. సినిమాటోగ్రాఫర్ మాథ్యూ లూయిస్, ఆపరేటర్ లీ డేవిడ్ బ్రౌన్ దీన్ని చేతులు మార్చుకుంటూ తీశారు. అలిసిపోవడం ఒక్కటే కారణం కాదు. కెమెరాతో కారు ఎక్కిన ఆపరేటర్ దిగి, చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి చేరేలోపు కథ ఆగదు కదా. అవతలి వైపు ఇంకో జత చేతులు సిద్ధంగా ఉండాలి.

సింగిల్ టేక్ అంటే విజువల్ ఎఫెక్ట్స్ ఉండవు అని మాత్రం రాయకండి. రెండో ఎపిసోడ్‌లో జేమీ స్నేహితుడు ర్యాన్ క్లాసు కిటికీలోంచి దూకి పారిపోతాడు, వెనకే కెమెరా కూడా దూరుతుంది. షూటింగ్‌లో ఆ కిటికీకి అద్దం లేదు, తర్వాత గ్రాఫిక్స్‌లో వేశారు. అది చిత్రానికి చేసిన మరమ్మతు, కట్ కాదు. ఈ తేడా ఒక్క వాక్యంలో చెబితే గైడ్ సగం ప్రశ్నలు అడగరు.

అదే ఎపిసోడ్ చివర్లో బడి బయట కెమెరాని డ్రోన్‌కి తగిలిస్తారు. అది ఊరి మీదుగా ఎగిరి హత్య జరిగిన చోట దిగుతుంది. అక్కడ డ్రోన్ నుంచి విప్పి ఆపరేటర్ చేతికిస్తే, పూలు పెట్టడానికి వచ్చిన జేమీ తండ్రి ఎడ్డీ ముఖం మీదికి నడుస్తాడు. గాలి ఎక్కువై ఇది కొన్ని టేకుల్లో కుదరలేదు. ఆలోచించండి: బడి లోపల మూడు వందల పైచిలుకు పిల్లలతో గంట సేపు అంతా సవ్యంగా జరిగి, ఆఖరి రెండు నిమిషాల్లో గాలి వీస్తే మొత్తం పోయినట్టే. సింగిల్ టేక్‌లో రిస్కు చివరికి పోయేకొద్దీ పెరుగుతుంది. అందుకే ఈ పద్ధతిలో స్క్రిప్టు రాసేవాళ్లకి కష్టమైన పని ఎక్కడ పెట్టాలన్నది కూడా కథా సమస్యే అవుతుంది.

ఎంఏ_రెండో_ఏడు:

చాలా థాంక్స్ అండీ. మూడో ఎపిసోడ్‌లో దాదాపు ఇద్దరే, ఒకే గది. దాని గురించి ఇంత రాయడానికి ఏమైనా ఉందా? అది తేలికే అనిపిస్తోంది.

ఫోకస్_పుల్లర్:

తేలిక కాదు. షూట్ చేసింది ముందు దాన్నే. జేమీగా చేసిన ఓవెన్ కూపర్‌కి కెమెరా ముందు అదే తొలి పని. గదిలో కెమెరా తిరిగిన దిక్కులన్నీ ఫ్రేములోకి వస్తాయి. స్టాండు మీద లైటు పెట్టలేరు, మైకు తగిలించే పొడవాటి బూమ్ రాడ్ నీడ పడకూడదు. ఎటూ పోవడానికి లేదు కాబట్టి కెమెరా మెల్లగా వాళ్ల చుట్టూ తిరుగుతుంది. ఎవరి భుజం మీదుగా ఎవరిని చూస్తున్నామో గమనిస్తే, సంభాషణలో పైచేయి ఎప్పుడెప్పుడు మారిందో దొరుకుతుంది. జేమీ ఆవలించడం స్క్రిప్టులో లేదు. ఎరిన్ డోహర్టీ తన సైకాలజిస్ట్ పాత్ర వదలకుండా, "బోర్ కొడుతున్నానా?" అన్న అర్థంలో అప్పటికప్పుడు అందుకుంది. కట్ లేనప్పుడు పొరపాటుని కథలో కలుపుకోవాల్సిందే, అలా కలిపిందే ఫైనల్‌లో ఉంది.

పాత_టీవీ_పిచ్చి:

జానర్ సంగతికి వస్తాను. మొదటి ఎపిసోడ్ అచ్చంగా పోలీస్ ప్రొసీజరల్, అంటే పోలీసు దర్యాప్తు అడుగడుగునా చూపే కథ. తెల్లవారుజామున తలుపు బద్దలు, అరెస్టు, స్టేషన్‌లో నమోదు, వేలిముద్రలు, లాయరు, ఇంటర్వ్యూ. 13 ఏళ్ల పిల్లాడి పక్కన తండ్రిని ఎందుకు కూర్చోబెట్టారో రాయాలంటే ఇంగ్లండు, వేల్స్‌లో ఉన్న 1984 నాటి పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్ యాక్ట్ గురించి రెండు ముక్కలు చదవండి. 18 లోపు వాళ్లని విచారించేటప్పుడు "అప్రోప్రియేట్ అడల్ట్", అంటే వాళ్ల తరఫున ఒక పెద్దమనిషి, పక్కన ఉండాలి. ఆ చట్టం వల్లే తండ్రి ఆ గదిలో ఉన్నాడు. హత్య సీసీటీవీ వీడియో చూసిన క్షణంలో కొడుకుతో పాటు ఆయన ముఖమూ మనకి దొరుకుతుంది. చట్టంలోని ఒక నియమం డ్రామాకి ఇంత పనికొచ్చిన సందర్భాలు తక్కువ.

ఆ ఇంటర్వ్యూతో "ఎవరు చంపారు" అన్న ప్రశ్న చచ్చిపోతుంది. "ఎందుకు" మిగులుతుంది. రెండోది బడి మీద, మూడోది మనస్తత్వం మీద, నాలుగోది కుటుంబం మీద. అంటే జానర్ ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ మారుతోంది. మధ్యలో కాలం కూడా గెంతుతుంది: అరెస్టయిన మూడో రోజు, ఏడు నెలలు, పదమూడు నెలలు. ఎపిసోడ్ లోపల ఒక్క సెకను కూడా వదలరు, ఎపిసోడ్ల మధ్య నెలలు వదిలేస్తారు. కోర్టు సీను ఆ ఖాళీలో పడిపోయింది. క్రైమ్ డ్రామా అభిమానులు దేనికోసం ఎదురుచూస్తారో దాన్నే తీసేశారన్నమాట. పేపరు నేనే రాస్తే థీసిస్ ఇదే పెడతాను: ఇక్కడ టెక్నిక్కే జానర్‌ని తేల్చింది. కట్ లేకపోతే ఫ్లాష్‌బ్యాక్ లేదు. ఫ్లాష్‌బ్యాక్ లేకపోతే హత్యని చూపలేరు. చూపగలిగింది టేబుల్ మీద ఆడుతున్న సీసీటీవీ వీడియో, దాన్ని చూస్తున్న ముఖాలు మాత్రమే.

ప్రభావాల దగ్గర స్టూడెంట్లు ఎక్కువ తప్పులు చేస్తారు. రెండు గంపలు పెట్టుకోండి. మొదటి గంపలో తీసినవాళ్లు స్వయంగా చెప్పినవి లేదా రికార్డులో ఉన్నవి. దర్శకుడు ఫిలిప్ బరాంటినీ, ఎడ్డీగా నటించిన స్టీఫెన్ గ్రాహమ్, మాథ్యూ లూయిస్ ముగ్గురూ అంతకుముందు 2021లో బాయిలింగ్ పాయింట్ అనే సింగిల్ టేక్ సినిమా చేశారు. రెస్టారెంటు కథ. ఎనిమిది టేకులు అనుకుంటే కోవిడ్ వల్ల నాలుగే తీయగలిగారు, మూడోది వాడారు. ఇది సూటి వారసత్వం. గ్రాహమ్, జాక్ థోర్న్ కలిసి రాసిన ఈ కథకి మూలం, కుర్రాళ్లు అమ్మాయిలని కత్తితో పొడిచి చంపిన వార్తలు. అయితే ఇది ఫలానా ఒక కేసు కాదని థోర్న్ స్పష్టంగా చెప్పారు. "నిజ జీవిత కథ ఆధారంగా" అని రాస్తే మార్కులు పోతాయి.

రెండో గంపలో మీకు కనిపించే పోలికలు. హిచ్‌కాక్ రోప్ (1948) అందరూ రాస్తారు కానీ అది వేరే జాతి. అప్పట్లో కెమెరాకి తగిలించే ఫిల్ము డబ్బా (మేగజీన్) పది నిమిషాలకి అయిపోయేది కాబట్టి ఎవరి వీపు మీదికో కెమెరా తోసి కట్ దాచేవాళ్లు, కొన్నిచోట్ల దాచకుండానే కట్ చేశారు. దానికన్నా అలన్ క్లార్క్ బీబీసీ కోసం 1989లో తీసిన ఎలిఫెంట్ చూడండి. 39 నిమిషాలు, దాదాపు మాటల్లేవు, స్టెడీక్యామ్‌తో (ఒంటికి కట్టుకుని కుదుపు లేకుండా తీసే పరికరం) నడిచే మనుషుల వెనకే పోవడం. హింసని కారణం చెప్పకుండా వెంబడించడం బ్రిటిష్ టీవీకి కొత్త కాదని అర్థమవుతుంది. కెన్ లోచ్ కెస్ (1969) తీసిన బార్న్స్‌లీ కూడా అడాలసెన్స్ స్టూడియో ఉన్న సౌత్ కర్క్‌బీకి ఎంతో దూరం కాదు. అయితే వీటిని "ప్రభావం" అనకండి, "పోలిక" అనండి.

కట్_లేని_ఎడిటర్:

పట్టిక గురించి ఎవరూ చెప్పలేదు. సగటు షాట్ నిడివి లెక్క ఇక్కడ అర్థం లేనిది, దాని జోలికి పోకండి. బదులుగా అయిదు నిలువు వరసలు గీయండి: నిమిషం, చోటు, కెమెరా ఎవరి వెంట ఉంది, ముఖానికి ఎంత దగ్గర, ధ్వని. కెమెరా ఒకరిని వదిలి ఇంకొకరిని పట్టుకున్న ప్రతిసారీ కొత్త అడ్డ వరస. మామూలు సిరీస్‌లో కట్ చేసే పనిని ఇక్కడ ఈ బదిలీ చేస్తుంది. మొదటి ఎపిసోడ్‌లో జేమీ బట్టలు విప్పి సోదా చేసేటప్పుడు కెమెరా తండ్రి ముఖం మీదే నిలిచిపోతుంది. బదిలీ జరగకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాన్ని పట్టికలో రాసుకోండి.

ఒక్కో ఎపిసోడ్ మూడుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా, రెండోసారి సౌండు తీసేసి వరసలు నింపుతూ, మూడోసారి తెర చూడకుండా వింటూ. ఒకేసారి అన్నీ నింపుదామంటే పదో నిమిషానికే కథలో పడిపోయి పెన్ను ఆగిపోతుంది. గంట ఎపిసోడ్‌కి పట్టిక నింపడానికి నాలుగైదు గంటలు పెట్టుకోండి. నాలుగూ చేయొద్దు, రెండోది, మూడోది చాలు. ఒకటి బదిలీలతో నిండి ఉంటుంది, ఇంకోదాంట్లో దాదాపు లేవు.

పాత_టీవీ_పిచ్చి గారూ, మీ థీసిస్‌తో ఒక చిన్న పేచీ. చనిపోయిన కేటీ తెర మీద లేకపోవడాన్ని టెక్నిక్ మీదికి నెట్టేస్తే సరిపోదు. కేటీ ఇంటికి వెళ్లే అయిదో ఎపిసోడ్ కూడా ఒకే షాట్‌లో తీయొచ్చు కదా, తీయకూడదనుకున్నారు. రెండో ఎపిసోడ్‌లో పోలీసు ఆఫీసర్ ఫ్రాంక్ చేత ఆ మాటే అనిపించారు: అందరికీ జేమీ గుర్తుంటాడు, కేటీ కాదు అని.

పాత_టీవీ_పిచ్చి:

ఒప్పుకుంటున్నా. ఎపిసోడ్ లోపల ఏం చూపలేమన్నది టెక్నిక్ చెబుతుంది, ఎవరి ఎపిసోడ్ ఉండాలన్నది రాసినవాళ్లదే.

కట్_లేని_ఎడిటర్:

అందుకే ధ్వని వరస వదలొద్దన్నాను. డ్రోన్ ఎగిరేటప్పుడు రెక్కల హోరులో లొకేషన్ సౌండు ఎలాగూ పనికిరాదు, అక్కడ పిల్లల గొంతులతో ఫ్రాజైల్ పాట వస్తుంది. అందులో వినిపించే గొంతు కేటీగా నటించిన అమ్మాయిదే. పట్టికలో ఆ నిమిషం ఎదురుగా "కెమెరా ఎవరి వెంట" అన్న గడి ఖాళీగా ఉంటుంది, ధ్వని గడిలో మాత్రం కేటీ పేరు వస్తుంది. గైడ్‌కి ముందు ఆ ఒక్క వరస చూపించండి.