తొమ్మిది లెవెల్స్‌కి 16 స్విచ్‌లు కావాలా, 12 సరిపోతాయా?

ల్యాబ్‌పక్షి:
సింగిల్ ఫేజ్ తొమ్మిది లెవెల్ ఇన్వర్టర్ (డీసీని తొమ్మిది వోల్టేజ్ మెట్ల ఏసీగా మార్చేది) చేస్తున్నాం, పీక్ 400 వోల్టులు. మామూలు క్యాస్కేడెడ్ హెచ్-బ్రిడ్జ్ (నాలుగేసి స్విచ్‌ల సెల్స్‌ని, ఒక్కోదానికీ ఓ డీసీ సోర్స్‌తో, సిరీస్‌లో కలపడం) అయితే 100 వోల్టుల సోర్సులు నాలుగు, స్విచ్‌లు 16. అలా కాకుండా హాఫ్-బ్రిడ్జ్‌లతో (ఒక్కోదానికి రెండు స్విచ్‌లు) మెట్లు కట్టుకుని చివర్లో ఒకే ఒక్క హెచ్-బ్రిడ్జ్‌తో ప్లస్ మైనస్ తిప్పేస్తే 12తో పనైపోతుంది. నాలుగు తగ్గాయంటే నాలుగు గేట్ డ్రైవర్లు (స్విచ్‌ని ఆన్ ఆఫ్ చేసే సర్క్యూట్లు) కూడా తగ్గినట్టే కదా, ఇంకా 16 ఎందుకు అంటున్నాడు మా టీమ్‌మేట్. మీరేమంటారు?

సైన్‌వేవ్72:
మీరు సగం లెక్కే చేశారండి. ఆ చివరి హెచ్-బ్రిడ్జ్‌లో ఒక్కో స్విచ్ పూర్తి 400 వోల్టులు తట్టుకోవాలి. క్యాస్కేడెడ్‌లో 16 స్విచ్‌లూ తలా 100 ఆపితే చాలు, మొత్తం 1600. మీ దాంట్లో హాఫ్-బ్రిడ్జ్‌లవి 8 ఇంటూ 100, పైన 4 ఇంటూ 400, కలిపితే 2400. స్విచ్‌లు తగ్గాయి గానీ ఆపాల్సిన వోల్టేజ్ ఒకటిన్నర రెట్లయింది. సిలికాన్ మాస్‌ఫెట్‌కి (స్విచ్‌గా వాడే ట్రాన్సిస్టర్) వోల్టేజ్ రేటింగ్ పెంచేకొద్దీ ఆన్ రెసిస్టెన్స్ అంతకన్నా చాలా వేగంగా పెరుగుతుంది. 1981లో నబే, తకహాషి, అకాగి మూడు లెవెల్స్ ఎన్‌పీసీ (న్యూట్రల్ పాయింట్ క్లాంప్డ్) ఇన్వర్టర్ చూపించినప్పుడు కూడా అందులో పెద్ద లాభం ఒక్కో స్విచ్ మీద డీసీ లింక్ (లోపలికొచ్చే డీసీ) వోల్టేజ్‌లో సగమే పడటం. పార్టులు లెక్కపెట్టి పోల్చడం నాకైతే అస్సలు నచ్చదు.

గేట్‌డ్రైవర్:
అన్నా, ఒక్క విషయం వదిలేశావు. ఆ నాలుగు స్విచ్‌లూ మారేది వోల్టేజ్ సున్నా అయినప్పుడే, అదీ లైన్ ఫ్రీక్వెన్సీలో, కాబట్టి స్విచింగ్ లాస్ దాదాపు ఉండదు, నిదానంగా పనిచేసే ఐజీబీటీ (ఇంకో రకం స్విచ్ ట్రాన్సిస్టర్) పెట్టినా నడుస్తుంది. కరెంట్ దారి చూసినా క్యాస్కేడెడ్‌లో ఎప్పుడూ 8 స్విచ్‌ల గుండా పోవాలి, ఇక్కడ 4 ప్లస్ 2, ఆరే. పైగా నేను 16 స్విచ్‌ల బోర్డు చేశాను, గేట్ డ్రైవర్ల ఐసోలేటెడ్ సప్లైలకే సగం బోర్డు పోయింది, వాటిలో ఒకటి 15 వోల్టుల నుంచి 9కి జారిపోయి ఒక్క మాస్‌ఫెట్ మాత్రం వేడెక్కిపోతుంటే ఏంటో తెలియక రెండ్రోజులు స్కోప్ పట్టుకుని కూర్చున్నాను. పార్టు తగ్గితే చెడిపోయే చోటు కూడా ఒకటి తగ్గుతుంది.

సైన్‌వేవ్72:
జీరో దగ్గర మారడం, ఆరు స్విచ్‌ల దారి, రెండూ ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ క్యాస్కేడెడ్‌లో ఒక సెల్ పోతే దాన్ని బైపాస్ చేసి ఏడు లెవెల్స్‌తో నడిపించుకోవచ్చు. నీ దాంట్లో ఆ హెచ్-బ్రిడ్జ్‌లో ఒక్కటి పోతే మొత్తం ఆగిపోతుంది.

నిశిరాత్రి:
ఇద్దరూ మూడో దారి మర్చిపోయారు. రెండే హెచ్-బ్రిడ్జ్‌లు, ఒకదానికి 100, ఇంకోదానికి 300. స్విచ్‌లు 8, లెవెల్స్ తొమ్మిదే, ఆపే వోల్టేజ్ 400 ప్లస్ 1200, అదే 1600. కరెంట్ దారిలో నాలుగే. చిక్కల్లా 200 లెవెల్ దగ్గర, అది 300లోంచి 100 తీసేస్తే వస్తుంది కాబట్టి ఆ సేపు చిన్న సోర్సులోకి కరెంట్ వెనక్కి పోతుంది. సోలార్ ప్యానెలో డయోడ్ రెక్టిఫయరో అయితే తీసుకోలేదు.

ల్యాబ్‌పక్షి:
మావి నాలుగూ బ్యాటరీ ప్యాక్‌లే! మూడు సిరీస్‌లో పెడితే 300 వచ్చేస్తుంది కదా?

సైన్‌వేవ్72:
వస్తుంది, బ్యాటరీలైతే నేనూ దీనికే ఓటేస్తా. కానీ ఫుల్ అవుట్‌పుట్‌లో చిన్న ప్యాక్ ఇచ్చేది మొత్తం పవర్‌లో ఎనిమిదో వంతు దగ్గరే, మిగతాదంతా ఆ మూడే మోయాలి, త్వరగా దిగిపోతాయి. మాడ్యులేషన్ (అవుట్‌పుట్ ఎత్తు) తగ్గించి పీక్ 200 దగ్గర ఆపితే చిన్నది మొత్తమ్మీద చార్జే అవుతుంది, అది ముందే నిండి ఉంటే ఓవర్‌చార్జ్. లోడ్ పెట్టే ముందు ఆ రెండు పాయింట్ల దగ్గర చిన్న ప్యాక్ కరెంట్ సిమ్యులేషన్‌లో చూసి, వేవ్‌ఫామ్ ఇక్కడ పెట్టండి.