బ్లాక్‌హోల్ స్పిన్: సైన్స్ ఫెయిర్ పోస్టరు మీద ఒకే అంకె వేయొచ్చా?

పరకాల సారు: మా తొమ్మిదో తరగతి పిల్లలు జిల్లా ఫెయిర్‌కు పోస్టరు చేస్తున్నారు. జంట నక్షత్రం నుంచి లాక్కున్న వాయువు బ్లాక్‌హోల్ చుట్టూ డిస్కులా తిరుగుతూ కోటి డిగ్రీల దాకా కాగుతుంది, అందుకే ఎక్స్‌కిరణాల్లో వెలుగుతుంది. ఆ వెలుగును బట్టి బ్లాక్‌హోల్ ఎంత జోరుగా తిరుగుతుందో (దాన్నే స్పిన్ అంటారు) శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఉదాహరణగా జీఆర్‌ఓ జె1655-40 అనే బ్లాక్‌హోల్ తీసుకుని స్పిన్ 0.7 అని వేశాం (0 అంటే తిరగడం లేదు, 1 అంటే గరిష్ఠం). ఒకాయన ఆ అంకె తీసేయమంటున్నారు. ఎందుకు తీయాలి?

డేటాపిచ్చి: ఆ ఒకాయన నేనే. ఇదే బ్లాక్‌హోల్‌కు 2006లో డిస్కు వేడినీ వెలుగునూ బట్టి 0.65 నుంచి 0.75 అన్నారు. 2009లో ఇనుము గీతను (డిస్కులోని ఇనుము ఎక్స్‌కిరణాల్లో వేసే గుర్తు) బట్టి 0.94 దాటించారు. 2014లో ఎక్స్‌రే వెలుగు లయగా మినుకుమనే వేగాల లెక్కతో 0.29కి దించారు. మీకు 0.7 ఎందుకు నచ్చింది సారూ?

మిర్చియార్డు: ఏనుమాముల మార్కెట్లో ఒకే బస్తాకు మూడు కాంటాలు మూడు తూకాలు చూపిస్తే రైతు ఊరుకుంటాడా?

పరకాల సారు: 0.7 పేరున్న శాస్త్రవేత్తలే వేసిన లెక్క. నేను పుట్టించింది కాదు.

డేటాపిచ్చి: మిగతా రెండూ పేరున్నవాళ్లవే. అసలు ఈ డిస్కును ఎవరూ ఫొటో తీయలేదు. సూర్యుడికి పది రెట్ల బరువున్న బ్లాక్‌హోల్ తిరగకపోతే డిస్కు లోపలి అంచు మధ్య నుంచి 90 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. గరిష్ఠంగా తిరిగితే 15 కిలోమీటర్ల దాకా వస్తుంది. అంటే హనుమకొండ నుంచి జనగామ కాస్త దాటేంత తేడా, వేల కాంతి సంవత్సరాల అవతల. అక్కడి నుంచి మనకు చేరేది ఒక చుక్క వెలుగు. ఆ వెలుగును బట్టి అంచు ఎక్కడుందో తేల్చాలంటే బ్లాక్‌హోల్ బరువు, డిస్కు వాలు, మన నుంచి దూరం ముందే తెలియాలి. దీని దూరం పదివేల కాంతి సంవత్సరాల పైచిలుకని చాలామంది వాడతారు. 2006లోనే ఇంకో బృందం అందులో దాదాపు సగమే అని వాదించింది. దూరం మారితే 0.7 ఎక్కడ నిలబడుతుంది?

కాజీపేట జంక్షన్: మన ఇస్రో వాళ్ల ఎక్స్‌రే ఉపగ్రహం ఆస్ట్రోశాట్ ఏమంది?

డేటాపిచ్చి: ఇది 1994లో బయటపడింది, 2005లో మళ్లీ గట్టిగా రెచ్చిపోయింది. ఆస్ట్రోశాట్ ఎగిరింది 2015 సెప్టెంబరు 28న. అప్పటికి ఇది చల్లబడింది.

కాజీపేట జంక్షన్: అయితే ఇంకో బ్లాక్‌హోల్, సిగ్నస్ ఎక్స్-1 పెట్టుకోండి సారూ. దానికి 0.9 పైనే అంటున్నారుగా.

డేటాపిచ్చి: డిస్కు మీద ఒక వెచ్చని పొర ఉందని లెక్కలో కలిపితే అదీ బాగా పడిపోతుంది. ఇనుము గీతదీ అదే గొడవ. 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌కిరణాల శక్తి కొలత) దగ్గర సన్నగా ఉండాల్సిన గీతను గురుత్వం తక్కువ శక్తి వైపుకు సాగదీస్తుంది. ఎంత సాగింది అన్నది దాని వెనకున్న మిగతా వెలుగును నువ్వు ఎలా గీశావన్న దాన్ని బట్టి ఉంటుంది.

పరకాల సారు: తమ్ముడూ, నీకు ఏది చెప్పినా అనుమానమే. ఇట్లయితే పిల్లలు తెల్ల కాగితం పట్టుకుని నిలబడాలి.

డేటాపిచ్చి: అనుమానం ఊరికే రాలేదు సారూ. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో డిస్కు వాలును కొంచెం మార్చి చూస్తే నాకు వేరే స్పిన్ వచ్చింది. పేపర్లో ఉన్న అంకెకు దగ్గరగా వచ్చిందే ఉంచు, రెండోది తీసెయ్ అన్నారు మా గైడ్. తీసేశాను. ఇప్పుడు మీరూ అదే చేస్తున్నారు.

ఓరుగల్లు కోట: గిదేం లొల్లి సారూ, తొమ్మిదో తరగతి పోస్టరుకు!

పరకాల సారు: మీ గైడ్ మీది కోపం నా పిల్లల మీద తీర్చుకోకండి. నిరుడు మా అమ్మాయి ఒకతి ఇట్లాగే "ఇంకా తేలలేదు సార్" అని చెప్పింది. జడ్జి నవ్వి, "ప్రిపేరై రావాలమ్మా" అని పక్క టేబుల్‌కు వెళ్లిపోయారు. అక్కడ కార్పొరేట్ స్కూలు పిల్లాడు ఇంగ్లిష్‌లో అదే మాట అంటే చప్పట్లు కొట్టించారు. వాడు అంటే రీసెర్చి, మా తెలుగు మీడియం పిల్ల అంటే చదవకపోవడం. అందుకే నాకు ఒక అంకె కావాలి. గట్టిగా చెప్పే అంకె.

డేటాపిచ్చి: ఈ ముక్క మొదటి పోస్టులోనే రాయాల్సింది. కానీ జడ్జికి భయపడి పిల్లకు తప్పుడు ధీమా ఇస్తే రేపు ఎవడో "మరి 0.29 సంగతేంటి" అంటే?

పరకాల సారు: అడిగేవాడు వస్తే సంతోషమే. ఇన్నేళ్లలో ఒక్కడూ రాలేదు.

ములుగు టీచరమ్మ: మూడు అంకెలూ పెట్టి, ఏది ఎట్లా వచ్చిందో అమ్మాయి నోటితోనే చెప్పిస్తే?

పరకాల సారు: ఇచ్చేది మూడు నిమిషాలమ్మా. బ్లాక్‌హోల్ అంటే ఏంటో చెప్పేసరికే రెండు అయిపోతాయి. ఫ్లెక్సీ ప్రింటుకు ఇచ్చేశాను. 0.7 ఉంటుంది.

డేటాపిచ్చి: ప్రింటు ఇంకా కాకపోతే ఫోన్ చేసి, కింద చిన్న అక్షరాల్లో దూరం కూడా వేయించండి. మీ 0.7 ఆ దూరానికే.