వంకరపోయిన బైక్ సీటు: బాగు చేయించాలా, కొత్తది వేయాలా?

పాలబండి_తెనాలి
నాన్న పాల వ్యాపారానికి వాడిన వంద సీసీ బండి, 2012 మోడల్. ఇంజన్‌కి ఏ లోటూ లేదు, సీటే పాడైంది. సీటు అడుగున ఉండే ప్లాస్టిక్ పలక, అంటే బేస్, వెనక ఎడమ వైపు మెలి తిరిగి, ఫ్రేముకీ సీటుకీ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. లాక్ పడాలంటే మోకాలు పెట్టి నొక్కాల్సిందే. రెక్సిన్ రెండు చోట్ల చిరిగింది, వాన పడిన మర్నాడు కూడా ప్యాంటు తడుస్తోంది. కుషన్ షాపాయన "పారేసి కొత్తది వేసుకో, 1,400" అన్నారు. మెకానిక్ "వేడి చేసి సరిచేద్దాం, 600లో అయిపోతుంది" అంటున్నారు. నాన్న పదేళ్లు కూర్చున్న సీటు, పారేయడానికి మనసు ఒప్పడం లేదు. కానీ రోజూ పాపని స్కూల్లో దింపేదీ ఈ బండి మీదే. ఎవరి మాట వినాలి?

కుషన్‌పని_18ఏళ్లు
తమ్ముడూ, కొత్తదే వేయించు. నేనూ ఈ పనిలోనే ఉన్నాను. వేడి చేసి సరిచేసిన బేస్‌లు ఎన్నో నా దగ్గరికే తిరిగొచ్చాయి. చలికాలంలో చేసి ఇస్తే ఏప్రిల్, మే ఎండలకి మళ్లీ వంకర. కస్టమర్ వచ్చి మమ్మల్నే అడుగుతాడు. ఇంకో మాట. పిన్నులన్నీ పీకి, రెక్సిన్ విప్పి, బేస్ వేడి చేసి చల్లారనిచ్చి, మళ్లీ బిగించడానికి ఒక మనిషికి ఒక రోజంతా పడుతుంది. 600లో రెక్సిన్ ఖర్చు పోతే కూలి గిట్టదు. ఆ రేటుకి ఒప్పుకున్నవాడు ఎక్కడో ఒకచోట పని తగ్గిస్తాడు.

హనుమకొండ_రైడర్
అన్నా, కూలి విషయంలో మీ మాటకి ఎదురు లేదు. కానీ మళ్లీ వంకరపోయిందంటే ఆ తప్పు వేడిది కాదు, సీటు కిందున్న రబ్బర్లది.

ఏ సీటునైనా తిరగేసి చూడండి. బేస్ అడుగున నాలుగైదు చోట్ల రబ్బరు బుడిపెలు ఉంటాయి. సీటు బరువంతా వాటి మీదుగానే ఫ్రేముకి చేరాలి. కాలం గడిచేకొద్దీ అవి ఎండి, ఒక్కొక్కటే ఊడిపోతాయి, ఎవరూ పట్టించుకోరు. ఒక మూల రబ్బరు లేకపోతే ఆ మూల గాల్లో ఉంటుంది. దాని మీద మనిషి బరువు, పాల క్యాన్ల బరువు. పైగా నల్ల రెక్సిన్, మధ్యాహ్నం ఎండలో చేయి పెట్టలేనంత కాలుతుంది. ప్లాస్టిక్ అలా రోజూ కొంచెం కొంచెం వంగుతుంది. బేస్ సరిచేసి, రబ్బర్లు వేయకుండా బిగిస్తే మళ్లీ అదే కథ. పాలబండి గారూ, మీ సీటు ఎడమ వైపే ఎందుకు వంగిందో ముందు అక్కడ చూడండి.

ఇక వేడి చేసే పద్ధతి. చాలామంది ఫోమ్ తీయకుండా కిందనుంచి గ్యాస్ మంట చూపిస్తారు. అది చేయకూడదు. బేస్‌ని పూర్తిగా విప్పాలి. అడుగున చిన్న అక్షరాల్లో 'పీపీ' అని ముద్ర ఉంటే అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మనకి అంత వేడి అక్కర్లేదు. వేడిగాలి ఊదే హీట్ గన్ జానెడు దూరంలో పెట్టి, ఒక్కచోట ఆపకుండా తిప్పుతూ రెండు వైపులా వేడి చేస్తే మెత్తబడి వంగుతుంది. నిగనిగలాడటం మొదలైతే వేడి ఎక్కువైనట్టే. అప్పుడు చెక్క మీద పెట్టి, కావాల్సినదానికంటే ఒక పిసరు ఎక్కువే వంచి, క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేయాలి. చల్లారాక కొంత వెనక్కి వస్తుంది కాబట్టి ఆ పిసరు. గంటలో విప్పేస్తే చేసినదంతా వృథా.

నేను పాత సీటు కోసం ఇంతగా చెప్పడానికి కారణం ఫోమ్. కంపెనీ ఫోమ్ అచ్చులో పోసి తయారైనది, గట్టిగా ఉంటుంది, కూర్చున్న మనిషిని మోస్తుంది. నేను ఒకసారి 1,200 పెట్టి బయటి సీటు వేయించాను. ఆరు నెలలకే వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లేలోపు బేస్ గట్టిదనం తొడలకి తెలిసేది. రెక్సిన్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, అలాంటి ఫోమ్ మళ్లీ దొరకడం కష్టం.

యెజ్డీ_నాన్నగారిది
మా యెజ్డీ బండికి రేకు బేస్. అది కూడా వంగుతుంది, కాకపోతే ఎండకి కాదు, తుప్పుకి. తడిసిన ఫోమ్ నెలల తరబడి రేకుని అంటుకుని ఉంటే జల్లెడైపోతుంది. ఆ బండ్లు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. బయట తయారైన బేస్ తెప్పిస్తే బోల్టు రంధ్రాలు కుదరలేదు. కుళ్లిన భాగం కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, రెడాక్సైడ్ కొట్టించాను. మాలాంటి వాళ్లకి బాగు చేయించడం ఒక్కటే దారి.

రెండుచక్రాలమ్మ
పాపని ఎక్కించే బండి కాబట్టి ఒక మాట. వంపు వేరు, పగులు వేరు. లాక్ కొక్కెం దగ్గర గానీ, ముందు ట్యాంకు కిందికి దూరే నాలుక దగ్గర గానీ గీతలా పగులు కనిపిస్తే ఆ బేస్ వాడొద్దు. పాలీప్రొపిలీన్‌కి అరల్డైట్, ఫెవిక్విక్ పట్టవు. అంటుకున్నట్టే ఉండి ఊడిపోతాయి. అదే రకం ప్లాస్టిక్ పుల్లతో వెల్డింగ్ చేయొచ్చు, కానీ సీటుని పట్టి ఉంచేది ఆ కొక్కెమే. బ్రేకు వేసినప్పుడు సీటు జారితే మనం హ్యాండిల్ పట్టుకుంటాం, వెనక కూర్చున్న పిల్ల ఏం పట్టుకుంటుంది?

కుషన్‌పని_18ఏళ్లు
అమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. రైడర్ తమ్ముడు చెప్పిన రబ్బర్ల సంగతి కూడా ఒప్పుకుంటాను. మేము రెక్సిన్ చూస్తాం, ఫోమ్ చూస్తాం, రబ్బర్లు మెకానిక్ చూసుకుంటాడని వదిలేస్తాం. కానీ 600లో ఇంత పని జరగదు. వెయ్యి అడిగితే "కొత్తదే వస్తుంది కదా" అని వెళ్లిపోతారు. అందుకే మేమూ కొత్తదే చూపిస్తాం.

పాలబండి_తెనాలి
ఆదివారం విప్పాను. అయిదు రబ్బర్లు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి, ఎడమ వైపు ఒక్కటీ లేదు. నాన్న క్యాన్ల ఫ్రేము బరువు కూడా ఆ వైపే ఎక్కువ పడేది. ఫోమ్ పిండితే దాదాపు అర బకెట్ మురికి నీళ్లు వచ్చాయి, నీడలో ఆరబెట్టాను. నాలుగు రోజులకి పొడిబారి మళ్లీ పొంగింది, ఎక్కడా చిరగలేదు. బేస్ మాత్రం లాక్ కొక్కెం దగ్గర పగిలింది. గోరు పెడితే దిగుతోంది. అమ్మగారు చెప్పాక దాన్ని వేడి చేసే ఆలోచనే మానేశాను. పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్ బేస్, వంపూ పగులూ లేనిది, 250కి దొరికింది. రబ్బర్లు కొత్తవి కొన్నాను. నాన్న ఫోమ్ అందులో చక్కగా కూర్చుంది. ఇక రెక్సిన్ పనే మిగిలింది.

కుషన్‌పని_18ఏళ్లు
సంతోషం తమ్ముడూ. కూర్చునే చోట కుట్టు రాని కవర్ అడుగు, కుట్టు రంధ్రాల నుంచే నీళ్లు దిగేది. బిగించే ముందు రెక్సిన్ పది నిమిషాలు ఎండలో పెట్టమను, బాగా సాగుతుంది. ముందు ముక్కు, తర్వాత తోక, ఆ తర్వాతే పక్కలు, అటొకటి ఇటొకటి పిన్ను. స్టీలు పిన్నులు వేయించు, మామూలువి తుప్పు పడతాయి. విజయవాడ వైపు వచ్చే పని ఉంటే బేస్, ఫోమ్ పట్టుకురా. తొమ్మిదింటికి షాపు తీస్తాను, సాయంత్రానికి ఇచ్చేస్తాను.