పార్టీ వదిలేసి మంత్రిగా మిగిలిన విస్సింగ్‌ను ఏ గడిలో రాయాలి?

డిగ్రీ పిల్లల పాఠం కోసం జర్మనీలో అప్పటి ఛాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) షోల్జ్ మంత్రివర్గం పట్టిక వేస్తున్నాను. కూటమిలో మూడు పార్టీలు: ఛాన్సలర్ పార్టీ ఎస్‌పీడీ, గ్రీన్స్, ఎఫ్‌డీపీ. ఒక్కోదానికి ఒక్కో రంగు. 2024 నవంబర్ 6 దాకా చిక్కేమీ లేదు. ఆ రాత్రి ఛాన్సలర్, ఎఫ్‌డీపీ నేత అయిన ఆర్థికమంత్రి లిండ్నర్‌ను తీసేశారు, ఎఫ్‌డీపీ బయటికొచ్చేసింది. దాని మంత్రుల్లో రవాణా చూసే విస్సింగ్ మాత్రం పార్టీకే రాజీనామా చేసి కుర్చీలో ఉండిపోయారు. పైగా న్యాయశాఖ కూడా ఆయనకే ఇచ్చారు!

జర్మన్ రాజ్యాంగం 64వ అధికరణ చదివాను. ఛాన్సలర్ ప్రతిపాదిస్తే అధ్యక్షుడు మంత్రిని నియమిస్తాడు, తొలగిస్తాడు. అంతే, పార్టీ ఊసే లేదు. మన ఫిరాయింపుల చట్టంతో పోల్చబోయి ఇంకా గందరగోళపడ్డాను. ఎఫ్‌డీపీ పసుపు రంగు వేస్తే తప్పు, ఎస్‌పీడీ ఎరుపు వేస్తే ఇంకా తప్పు. చివరికి ఆ గడి ఖాళీగా వదిలేశాను.

జర్మన్ రాజకీయాలు తెలిసినవాళ్లు చెప్పండి: నవంబర్ 7 తర్వాతి మంత్రివర్గాన్ని రెండు పార్టీలూ ఒక స్వతంత్రుడూ అని రాయాలా, లేక విస్సింగ్‌ను ఎస్‌పీడీ కోటాలో లెక్కేస్తారా?