అర మిల్లీమీటరు నాళాన్ని కుట్టడానికి ప్రత్యేకంగా ఒక రోబో ఎందుకు?

ప్రశ్న:
రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చేయి వాచిపోయినవారికి శోషరస నాళాన్ని (కణజాలంలోని ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే లింఫ్ నాళం) పక్కనే ఉన్న సన్నని సిరకు కలిపి కుట్టే శస్త్రచికిత్సను కొన్నిచోట్ల రోబో సాయంతో చేస్తున్నారని చదివాను. శస్త్రచికిత్సలకు వాడే డావిన్సీ రోబోకు అమెరికాలో 2000లోనే అనుమతి వచ్చింది కదా, మళ్లీ ఈ పనికి వేరే యంత్రాలు ఎందుకు? పైగా రోబోతో చేసేటప్పుడు స్పర్శ తెలియకపోతే నాళం చిరిగిపోదా?

మొదటి సమాధానం:
డావిన్సీని చిన్న రంధ్రాల గుండా పొట్టలోకి, ఛాతీలోకి వెళ్లి పనిచేయడానికి రూపొందించారు. శోషరస నాళాల వ్యాసం 0.3 నుంచి 0.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వాటిని కుట్టే దారం వెంట్రుక కన్నా సన్నం. ఎంత అనుభవజ్ఞుడి చెయ్యి అయినా సెకనుకు 8 నుంచి 12 సార్లు సహజంగా వణుకుతూనే ఉంటుంది కాబట్టి, ఆ వణుకును వడగట్టి, చేతి కదలికను తగ్గించి పనిముట్టు మొనకు చేరవేసే యంత్రాలు కావలసి వచ్చాయి. నెదర్లాండ్స్‌లో తయారైన ముసా రోబోను 2017లో మాస్ట్రిక్ట్‌లో తొలిసారి రోగులపై వాడారు. ఇటలీలో పుట్టిన సిమానీ రోబో చేతి కదలికను 7 నుంచి 20 రెట్లు తగ్గించగలదు. 20 రెట్ల దగ్గర సర్జన్ చెయ్యి ఒక సెంటీమీటరు జరిగితే పనిముట్టు అర మిల్లీమీటరే జరుగుతుంది. దానికి అమెరికా అనుమతి 2024లో లభించింది.

రెండో సమాధానం:
మైక్రోసర్జరీ సాధన చేస్తున్నవాడిగా స్పర్శ గురించి చెబుతాను. ఇంత సన్నని దారాన్ని లాగినప్పుడు కలిగే ఒత్తిడి మామూలుగా చేత్తో చేసినా వేళ్లకు దాదాపు తెలియదు. నాళం అంచు ముడతపడటాన్ని, ముడి బిగుస్తున్నకొద్దీ రెండు అంచులు దగ్గరపడటాన్ని సూక్ష్మదర్శినిలో చూసే అంచనా వేసుకుంటాం. మాకు అసలు భయం వేరే ఉంది: సూది ముందు గోడను దాటి వెనక గోడను కూడా పట్టుకుందంటే నాళం మూసుకుపోతుంది, పడిన శ్రమంతా వృథా అవుతుంది. వణుకు లేని మొన ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుందని నా నమ్మకం.

మూడో సమాధానం:
పై మాటలతో ఏకీభవిస్తాను గానీ, సమయం సంగతి కూడా చూడాలి. 2020లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన, 20 మంది మహిళలపై జరిగిన ముసా అధ్యయనంలో, రోబోతో నాళాన్ని సిరకు కలిపే ఒక్కో కుట్టుపనికి తొలుత 33 నిమిషాలు పట్టి, అలవాటయ్యేకొద్దీ 16కి తగ్గింది. చేయి తిరిగిన సర్జన్ ఇప్పటికే చేయగల పనిలో రోబో అతనితో సమానంగా నిలవడమే ఇప్పటికి గొప్ప. చేతికి అసలు సాధ్యం కాని పనిలోనే దాని అవసరం స్పష్టంగా కనిపిస్తుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో కంటి సర్జన్ రాబర్ట్ మెక్‌లారెన్ బృందం రోబో సాయంతో కంటి లోపల, రెటీనాపై మిల్లీమీటరులో వందో వంతు మందం ఉన్న పొరను తొలగించింది. రెటీనా కిందికి మందును మెల్లగా ఎక్కించేటప్పుడు సూదిని నిమిషాల తరబడి కదలకుండా పట్టుకోవాలి; నా ఆశ అంతా అక్కడే ఉంది.