స్కేటింగ్ వీక్‌గా ఉన్న జూనియర్ కుర్రాణ్ణి డ్రాఫ్ట్‌లో పై నంబర్లో తీసుకోవచ్చా?

కింగ్‌స్టన్_కిరణ్
అందరికీ నమస్తే. నిన్న ఓహెచ్‌ఎల్ (ఒంటారియో జూనియర్ ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌కి వెళ్ళాను. 17 ఏళ్ళ సెంటర్ (ముందు వరసలో మధ్యన ఆడేవాడు) ఒకడున్నాడు, పేరెందుకు లెండి. చేతులు అద్భుతం, పాస్ ఇస్తే సరిగ్గా అవతలివాడి స్టిక్ మీదకే. కానీ కదలడం మొదలుపెట్టినప్పుడు ఆ మొదటి మూడడుగులు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పక్క సీట్లో పెద్దాయన "డైలన్ స్ట్రోమ్ కూడా ఇలాగే ఉండేవాడు" అన్నాడు. మీరే స్కౌట్ (టీమ్ కోసం కుర్రాళ్ళని వెతికేవాడు) అయితే, పెద్ద లీగ్ ఎన్‌హెచ్ఎల్ టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఇలాంటివాణ్ణి మొదటి పదిమందిలో తీసుకుంటారా?

స్టాట్స్_శర్మ
కళ్ళు మూసుకుని తీసుకుంటాను. స్ట్రోమ్ సంగతే చూడండి. 2014-15లో ఈరీ ఆటర్స్‌కి 68 మ్యాచ్‌ల్లో 129 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి), ఓహెచ్‌ఎల్‌లో అందరికంటే ఎక్కువ. 2015 డ్రాఫ్ట్‌లో అరిజోనా 3వ నంబర్లో తీసుకుని, 2018లో షికాగోకి ఇచ్చేసింది. 2022లో షికాగో కూడా వదిలేసింది. వాషింగ్టన్‌లో 2024-25లో 82 మ్యాచ్‌లకి 82 పాయింట్లు కొట్టాడు. లోపం స్కేటింగ్‌లో ఉందా, ఆ రెండు టీమ్‌ల ఓపికలో ఉందా? జూనియర్‌లో కొట్టినవాడు పైన కూడా కొడతాడు. మిగతాదంతా కవిత్వం.

బ్లూలైన్_బాబాయ్
శర్మ గారూ, ఆ 129 ఎవరి టీమ్‌లో కొట్టాడో కూడా చెప్పాలి కదా. అప్పటికే స్టార్ కుర్రాడైన కానర్ మెక్‌డేవిడ్ ఉన్న టీమ్. అవతలివాళ్ళ బెస్ట్ డిఫెన్స్ జంట రోజూ మెక్‌డేవిడ్ మీదకే వెళ్తుంది, రెండో లైన్‌కి (తర్వాత దిగే ముగ్గురికి) ఊపిరాడుతుంది. పాయింట్ల పట్టికలో ఈ సంగతి కనపడదు. పవర్‌ప్లేలో (అవతలివాడు శిక్షపడి బయట ఉన్నప్పుడు) ఎన్ని, ఐదుగురు-ఐదుగురు ఆడేటప్పుడు ఎన్ని, మొదటి అసిస్ట్ (గోల్‌కి సరిగ్గా ముందరి పాస్) ఎన్ని, ఊరికే పక్ (బంతికి బదులు వాడే బిళ్ళ) తాకి వచ్చిన రెండో అసిస్ట్ ఎన్ని, ఇవి విడదీయకుండా అంకె చెప్పడం సగం చెప్పడమే.

స్టాట్స్_శర్మ
మెక్‌డేవిడ్ ఆ సీజన్లో చెయ్యి విరిగి కొన్ని వారాలు బయట కూర్చున్నాడు బాబాయ్, ఆడింది 47 మ్యాచ్‌లే. అదే టీమ్‌లో అలెక్స్ డిబ్రింకాట్ 51 గోల్స్ కొడితే అప్పుడూ ఇదే పాట, "మెక్‌డేవిడ్ పుణ్యం" అని. మెక్‌డేవిడ్ వెళ్ళిపోయాక మళ్ళీ 51, ఆ తర్వాత 65. అయినా 2016లో 39వ నంబర్ దాకా ఎవరూ ముట్టుకోలేదు, 5 అడుగుల 7 అంగుళాలని. ఇది మీ కళ్ళు చేసిన నిర్వాకం కాదా?

కాల్గరీ_కాకి
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

రింక్_రాజు
మీ ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఏ కుర్రాడి లోపాల గురించి మాట్లాడినా నేను ముందు అడిగేది ఒక్కటే, ఏ నెలలో పుట్టాడు? కెనడాలో వయసు గ్రూపులు జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా. 13 ఏళ్ళప్పుడు జనవరి వాడికీ నవంబర్ వాడికీ దాదాపు ఏడాది తేడా. ఒకడికి మీసం వస్తుంటుంది, ఇంకొకడికి పాల గొంతు పోయి ఉండదు. ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యేవాళ్ళలో మొదటి మూడు నెలల పిల్లలే ఎక్కువని పరిశోధకులు ఏనాడో తేల్చారు. తమాషా ఏంటంటే, పైకి వెళ్ళాక ఏడాది చివర్లో పుట్టినవాళ్ళే తమ నంబర్‌కి మించి ఆడతారని కూడా తేల్చారు. అంటే స్కౌట్లు బలం అని రాసేదాంట్లో సగం పుట్టినరోజే.

బ్లూలైన్_బాబాయ్
గావిన్ మెకెన్నా డిసెంబర్ 20న పుట్టాడు రాజు గారూ. 2024-25లో మెడిసిన్ హాట్ జూనియర్ టీమ్‌కి 56 మ్యాచ్‌ల్లో 129 పాయింట్లు. ఆట ఉన్నవాణ్ణి నెల ఆపలేదు.

రింక్_రాజు
ఒక్క మెకెన్నా పేరు చెప్పి వందమందిని మూసేస్తారా? అలాంటి ప్రతిభ దశాబ్దానికి ఒకటి రెండు. నేను మాట్లాడేది మామూలు మంచి ఆటగాళ్ళ గురించి.

గోలీ_వాళ్ళమ్మ
గోలీల (గోల్‌కీపర్ల) గురించి ఒక్కరైనా మాట్లాడతారేమో అని చూస్తున్నా. డస్టిన్ వుల్ఫ్‌ని 2019లో 214వ నంబర్లో తీసుకున్నారు, ఆ ఏడాది మొత్తం ఉన్నదే 217. ఎత్తు 6 అడుగులే అని. జూనియర్‌లో ఎవరెట్ టీమ్‌కి అన్నేళ్ళు అంత బాగా ఆపినా ఆ ఎత్తు ముందు లెక్కలోకి రాలేదు. ఇప్పుడు కాల్గరీ నెట్ ముందు ఉన్నది అతనే.

కాల్గరీ_కాకి
మా వుల్ఫ్ జోలికి ఎవరూ రాకండి.

బ్లూలైన్_బాబాయ్
కిరణ్ అడిగినదానికి సూటిగా చెప్తాను. నేను ఎడ్మంటన్ దగ్గర మైనర్ హాకీ ట్రయల్స్‌లో చాలా ఏళ్ళుగా అట్ట పట్టుకుని మార్కులు వేస్తున్నాను. స్కౌట్‌ని కాను, ఆ బిల్డప్ ఇవ్వను. స్కేటింగ్ అని ఒకే మాటలో అంటాం గానీ, అందులో మూడు నాలుగు రకాలున్నాయి. పూర్తి వేగం తక్కువైతే పెద్ద బాధ లేదు. మోకాలు వంచకపోవడం, అడుగు పొట్టిగా పడటం, ఇవి మంచి స్కేటింగ్ కోచ్ దొరికితే సర్దుకుంటాయి. బో హోర్వాట్ జూనియర్‌లో, ఒంటారియోలోని లండన్ టీమ్‌కి ఆడేటప్పుడు ఇదే ఫిర్యాదు, కష్టపడి బాగు చేసుకున్నాడు. మార్క్ స్టోన్ ఇప్పటికీ వేగంగా కదలడు. 2010లో 178వ నంబర్. 2023లో వేగస్ స్టాన్లీ కప్పు (ఎన్‌హెచ్ఎల్ టైటిల్) గెలిచిన మ్యాచ్‌లో కెప్టెన్‌గా హ్యాట్రిక్ కొట్టాడు. ఎలా? ముందే చూస్తాడు కాబట్టి.

నేను చూసేది ఇది. పక్ గోడ వెంట వస్తుంటుంది, కుర్రాడు దాన్ని అందుకోవడానికి వెళ్తున్నాడు. అందే లోపల భుజం మీంచి ఒక్కసారి వెనక్కి తల తిప్పాడా? తిప్పినవాడికి ఎవరు మీదకొస్తున్నారో తెలుసు, ఏ వైపు తిరగాలో తెలుసు. తిప్పనివాడు పక్ అందాక వెతుక్కుంటాడు, ఈలోపు అవతలివాడు వచ్చి మీద పడతాడు. ఇంకోటి, పక్ పోగొట్టుకున్నాక మొదటి రెండు సెకన్లు ఏం చేశాడు? స్టిక్ చూసుకుంటూ వంపు తిరిగి తాపీగా వచ్చాడా, ఆగి, తిరిగి వెంటపడ్డాడా? 17 ఏళ్ళ వాడికి ఈ రెండూ లేకపోతే నేర్పడం చాలా కష్టం. అందుకే పోరాటపటిమకి నేను ఎక్కువ మార్కులు పెడతాను.

స్టాట్స్_శర్మ
అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పొచ్చు, కుర్రాణ్ణి ఒక్క షిఫ్ట్ (ఒకసారి ఐస్ మీదకి దిగి ఆడే ఆ కాసేపు) చూసి చెప్పలేం. మీరు ఒక్కొక్కణ్ణి ఎన్ని షిఫ్ట్‌లు చూస్తారు బాబాయ్?

కింగ్‌స్టన్_కిరణ్
తల తిప్పడం పాయింట్ భలే ఉంది బాబాయ్. ఈసారి అదే చూస్తాను.

రింక్_రాజు
ఆ "పోరాటపటిమ" అనే మాట దగ్గరే ఆగండి. దాన్ని ఎలా కొలుస్తారు? 2014 డ్రాఫ్ట్‌కి ముందు ఫిట్‌నెస్ పరీక్షల్లో శామ్ బెనెట్ ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడని ఊరంతా నవ్వింది. 2025లో స్టాన్లీ కప్ ఫైనల్స్ అయ్యాక కాన్ స్మైత్ ట్రోఫీ (ప్లేఆఫ్స్‌లో బెస్ట్ ఆటగాడికి ఇచ్చేది) ఎవరి చేతిలో ఉంది? అతని చేతిలోనే.

బ్లూలైన్_బాబాయ్
అది నా వాదనకే బలం. పుల్-అప్‌లు చూసి కాదు, ఆట చూసే కాల్గరీ అతన్ని 4వ నంబర్లో తీసుకుంది. డ్రాఫ్ట్‌కి ముందు జరిగే ఆ ఫిట్‌నెస్ పరీక్షల్లో ఐస్ మీదకే ఎక్కించరు.

రింక్_రాజు
సరే, నా అనుభవం చెప్తాను. మా వాడు నవంబర్‌లో పుట్టాడు. అండర్-13 దాకా బాడీ చెకింగ్ (ఒంటితో గుద్ది ఆపడం) లేదు కదా, 2013 నుంచి హాకీ కెనడా తీసేసింది. అక్కడిదాకా వాడే టీమ్‌లో తెలివైన సెంటర్ అని కోచ్‌లే అన్నారు. అండర్-15కి వచ్చిన మొదటి ఏడాది ట్రయల్స్‌లో, తనకంటే తలెత్తు ఎక్కువ ఉన్నవాళ్ళ మధ్య పడేశారు. కాగితం మీద ఏం రాశారో తెలుసా? "శరీరం వాడడు. పోరాటపటిమ తక్కువ." అంతే, కట్. వాడు పొద్దున్నే లేచి గరాజ్‌లో ప్లాస్టిక్ షీట్ మీద షాట్లు కొట్టేది ఆ అట్ట పట్టుకున్నాయనకి ఎలా కనపడుతుంది?

బ్లూలైన్_బాబాయ్
బాధ అర్థమైంది. కానీ రాజు గారూ, నవంబర్ పిల్లల తల్లిదండ్రులు ప్రతి ఏటా ఇదే చెప్తారు. జనవరి వాళ్ళు "కోచ్ కొడుకు కాబట్టి తీసుకున్నారు" అంటారు. ఎంపిక కాని ప్రతివాడి ఇంట్లో ఒక కారణం రెడీగా ఉంటుంది.

రింక్_రాజు
అంటే నేను సాకు చెప్తున్నానా? మీరు అక్కడ కాఫీ తాగుతూ పసిపిల్లల తలరాతలు రాస్తుంటే నోరు మూసుకుని సంతకం పెట్టాలా? నెలనెలా ఎంత పోస్తున్నామో మీకేం తెలుసు! మనవాళ్ళు హాకీకి పనికిరారని ముందే అనుకుని కూర్చుంటారు, అసలు సంగతి అదీ. అర్ష్‌దీప్ బెయిన్స్‌ని ఎవరు డ్రాఫ్ట్ చేశారు? ఎవరూ చేయలేదు. 2021-22లో రెడ్ డీర్‌కి 112 పాయింట్లు కొట్టి డబ్ల్యూహెచ్ఎల్‌లో (పశ్చిమాన ఉన్న జూనియర్ లీగ్) టాప్‌లో నిలిచాడు, అప్పుడు గానీ వాంకూవర్ సంతకం పెట్టించుకోలేదు.

స్టాట్స్_శర్మ
బెయిన్స్ జనవరి పిల్లాడే రాజు గారూ. పైగా అది ఓవరేజ్ సీజన్, 20 దాటినవాడు 17 ఏళ్ళ వాళ్ళ మధ్య ఆడితే ఆ 112ని కాస్త తగ్గించే చదవాలి.

రింక్_రాజు
మీకు మనుషులు కనపడరు శర్మ గారూ, మీతో మాట్లాడటం దండగ.

అడ్మిన్
రాజు గారూ, బాబాయ్ గారూ, వ్యక్తిగతంగా పోవద్దు. ఇంకో దఫా అయితే లాక్ చేస్తాను.

గోలీ_వాళ్ళమ్మ
కాస్త ఆగండి. మీరు ముగ్గురూ ఒకే దాని గురించి మాట్లాడటం లేదని నా అనుమానం. బాబాయ్ గారు ఈ సెప్టెంబర్‌లో టీమ్‌లో ఎవడు నిలబడతాడో చెప్తున్నారు. రాజు గారు నాలుగేళ్ళ తర్వాత ఎవడు ఎలా ఉంటాడో అడుగుతున్నారు. లేన్ హట్సన్ సంగతి తెలుసు కదా? 2022 డ్రాఫ్ట్‌కి ముందు తన ఎముకలు ఇంకా ఎదుగుతాయని డాక్టర్ రాసిన ఉత్తరం టీమ్‌లకి ఇచ్చుకున్నాడు. అయినా 62వ నంబర్. 2025లో కాల్డర్ ట్రోఫీ (కొత్త ఆటగాళ్ళలో బెస్ట్‌కి ఇచ్చేది). 18 ఏళ్ళ కుర్రాడు నేనింకా ఎదుగుతానని కాగితం తెచ్చి చూపించుకోవాల్సి వచ్చిందంటే, ఆ స్కౌట్లు ఈరోజునే చూస్తున్నారు, రేపటిని కాదు. శర్మ గారూ, మీరు నవ్వుకోకండి, పాయింట్లు కూడా ఐస్ టైమ్ ఇస్తేనే వస్తాయి. పవర్‌ప్లేలో ఎవరిని దింపాలో ఎవరు నిర్ణయిస్తారు? మార్కులు వేసినవాళ్ళే.

రింక్_రాజు
అదే నేను గొంతు చించుకుంటున్నది. ఎన్‌హెచ్ఎల్ స్కౌట్ తప్పు చేస్తే టీమ్‌కి ఒక పిక్ (డ్రాఫ్ట్ వంతు) పోతుంది, వచ్చే ఏడాది ఇంకోటి వస్తుంది. 13 ఏళ్ళ వాడి మీద తప్పు రాస్తే ఆ ఏడాది మంచి కోచ్ పోతాడు, వారానికి రెండు ప్రాక్టీసులు పోతాయి, గట్టి టీమ్‌లతో మ్యాచ్‌లు పోతాయి. ఎంపికైనవాడికి అవన్నీ దక్కుతాయి. ఏడాది తర్వాత ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి "చూశారా, మేం అప్పుడే చెప్పాం" అంటారు. చెప్పలేదు బాబాయ్ గారూ, మీరే అలా చేశారు. మీ ఫారంలో చివరి గడి పేరు "ముందు ముందు ఎంత ఎదుగుతాడు". అందులో రాసేది ఈరోజు ఎంత ఎత్తున్నాడో. పుట్టిన నెల కోసం ఇంకో గడి పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.

బ్లూలైన్_బాబాయ్
పెట్టను. మేము పేర్లు తీసేసి నంబర్ల జెర్సీలు వేయించేదే ఎవడెవడో తెలియకూడదని. పుట్టిన నెల పక్కన రాస్తే సగం మంది పిల్లలు ఎవరో నాకు వెంటనే తెలిసిపోతుంది. రెండు, కోచ్‌కి కావాల్సింది 17 మంది. వాళ్ళు ఈ చలికాలం ఆడాలి. ఎదురుగా పెద్దవాళ్ళు వచ్చి గుద్దుతారు. నాలుగేళ్ళ తర్వాత గొప్పవాడవుతాడని ఈరోజు దెబ్బ తగిలే చోట నిలబెట్టమంటారా? ఆ చివరి గడి మీద మాత్రం నాకూ నమ్మకం లేదు. ఖాళీగా వదిలేద్దామంటే డైరెక్టర్ దాన్ని సున్నా అని చదువుతాడు.

రింక్_రాజు
సున్నా అని చదువుకోనివ్వండి. సున్నా వస్తే పిల్లాడు ఇంకో ఏడాది ప్రయత్నిస్తాడు. "పోరాటపటిమ తక్కువ" అని రాస్తే తన గురించి అదే నిజం అనుకుంటాడు. మా వాడు ఆ కాగితం చదివాడు.

స్టాట్స్_శర్మ
ఈ ఒక్క విషయంలో నేను రాజు గారి వైపు. కొలవలేనిదాన్ని రాయకూడదు.

కాల్గరీ_కాకి
శర్మ గారు ఒకరి వైపు వచ్చారు! స్క్రీన్‌షాట్ తీసుకోండి.

బ్లూలైన్_బాబాయ్
కొలవలేనిదాన్ని రాయొద్దంటే తల తిప్పి చూడటం కూడా రాయకూడదు, అప్పుడు మిగిలేది ఎత్తూ వేగమే. దానివల్ల నష్టపోయేది మళ్ళీ చిన్న పిల్లలే, ఆలోచించండి. నేను చేయగలిగింది ఒకటుంది. ఇకమీద "శరీరం వాడడు" అని రాస్తే ఏ షిఫ్ట్‌లో, ఎంత పెద్దవాడి మీదకి వెళ్ళలేదో పక్కనే రాస్తాను. చదివేవాళ్ళు వాళ్ళే తేల్చుకుంటారు. నెల మాత్రం అడగను.

స్టాట్స్_శర్మ
బాగుంది. నేను ఇందాక అడిగినదానికి జవాబు రాలేదు. ఎన్ని షిఫ్ట్‌లు చూశాక రాస్తారు?