గొడవ మధ్యలో విరామం తీసుకున్నాక మళ్లీ మాట కలపడం ఎలా?

దంపతుల మధ్య మాట పెరిగినప్పుడు కాసేపు ఆగమని, దాంపత్య బంధాలపై పరిశోధన చేసిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ చెప్పే పద్ధతి చాలామందికి తెలిసిందే. గుండె వేగం నిమిషానికి 100 దాటితే ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు. ఒళ్లు నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు కావాలి. ఆ కాసేపూ "నన్ను అంత మాటంటారా" అని తవ్వుకుంటూ కూర్చుంటే మాత్రం ఫలితం సున్నా.

చిక్కల్లా రెండోవాళ్లతో. ఒకరు తలుపు మూసుకోగానే వదిలేసి పోయారని బెంబేలెత్తి వెంటపడతారు. "ఎనిమిదిన్నరకి వచ్చి కూర్చుంటా" అని టైమ్ చెప్పి వెళ్లడం కొంత నయం. సరే, తిరిగొచ్చాక మొదటి మాట ఏమిటి? క్షమాపణతో మొదలుపెడితే అసలు విషయం పక్కకు పోతుంది, విషయంతో మొదలుపెడితే మళ్లీ రాజుకుంటుంది. కౌన్సెలింగ్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, పనిచేసిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ముందు మెసేజ్ పెట్టి తర్వాత మాట్లాడటం మంచిదా, ఇంకా చెడుతుందా?